ఒక కిడ్నీ ఇచ్చాక రెండోదాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడం ఎలా

కుట్లు మానిపోయి, పనిలో చేరి, ఇక అంతా సర్దుకుందనుకునే వేళకి ల్యాబ్ రిపోర్టు చేతికొస్తుంది. క్రియాటినిన్ (కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడపోత తగ్గితే పెరుగుతుంది) 1.3, పక్కన ఎర్ర గుర్తు. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) 69, కింద చిన్న అక్షరాల్లో ‘కిడ్నీ పనితీరు కాస్త తగ్గింది’ అన్న అచ్చు వాక్యం. ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడుతుంది. నిజానికి 45 ఏళ్ల మగ దాతకు ఆ అంకెలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. దానానికి ముందు అతని క్రియాటినిన్ 0.9, ఈజీఎఫ్ఆర్ 107 అనుకుందాం. ఒక కిడ్నీ పోయింది కాబట్టి లెక్క ప్రకారం సగం, అంటే 53 చిల్లర మిగలాలి. మిగిలింది 69. ఆ తేడా అంతా రెండో కిడ్నీ కొత్తగా ఎత్తుకున్న పని.

కిడ్నీలో కొత్త నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడపోసే చిన్న గొట్టాలు, పుట్టవు. ఉన్నవే కాస్త పెరిగి, వాటిలోకి రక్తం ఎక్కువగా పారి, ఒక్కొక్కటీ మునుపటికంటే ఎక్కువ వడపోస్తుంది. ఈ సర్దుబాటు ఆపరేషన్ జరిగిన రోజుల్లోనే మొదలవుతుంది. మొత్తం పనితీరు దానానికి ముందున్నదానిలో 65–70 శాతం దగ్గర నిలుస్తుంది. చాలామందిలో తర్వాతి కొన్నేళ్లలో ఇంకొంచెం మెరుగవుతుంది కూడా.

రిపోర్టు మీద అచ్చేసే ‘నార్మల్ రేంజ్’ రెండు కిడ్నీలున్నవారిని చూసి పెట్టింది. దాతను అది రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఎర్ర గుర్తు పెట్టి ఊరికే భయపెట్టడం ఒకటి. రెండోది ఇంకా చెడ్డది: గుర్తు పెట్టాల్సినచోట పెట్టకపోవడం. 40 ఏళ్ల మహిళ దానానికి ముందు క్రియాటినిన్ 0.7, తర్వాత 1.0. ఈజీఎఫ్ఆర్ 112 నుంచి 73కి దిగింది, అది మామూలే. అయిదేళ్ల తర్వాత ఆమె క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకోండి. కొన్ని ల్యాబుల రేంజ్‌లో అది కూడా నార్మలే, గుర్తేమీ ఉండదు. కానీ వయసుతో తగ్గే కొంచెం పోను ఆమె ఈజీఎఫ్ఆర్ 71 దగ్గర ఉండాల్సింది 57కి వచ్చింది. అయిదో వంతు పోయింది. దాన్ని పట్టించేది ల్యాబ్ రేంజ్ కాదు, పక్కన పెట్టి చూసుకోగల ఆమె పాత అంకె మాత్రమే.

సొంత అంకెను తయారుచేసుకోవడం

దానం చేసిన ఆసుపత్రి నుంచి మీ పాత ఫైలు నకలు తీసుకోండి. గ్రహీత ఫైలు కాదు, మీది. అందులో దానానికి ముందు చివరిసారి తీసిన క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, యూరిన్ అల్బుమిన్ (మూత్రంలోకి కారే రక్తపు ప్రోటీన్), బీపీ, బరువు, షుగర్, స్కాన్ రిపోర్టు ఉండాలి. ఇవి పదేళ్ల తర్వాత అడిగితే దొరకడం కష్టం, ఇప్పుడే తీసుకోండి.

తర్వాత 6 నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు పరీక్షలు చేయించండి. ఈ మూడింటిలో ఏడాది, రెండేళ్ల అంకెలు మీ కొత్త ‘నార్మల్’. అక్కడి నుంచి ఏటా ఒకసారి, జీవితాంతం. ఆ ఏటి పరీక్షలో నాలుగు తప్పనిసరి: రక్తంలో క్రియాటినిన్ (దాన్నుంచి ఈజీఎఫ్ఆర్), యూరిన్ అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ, బరువు. షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ కూడా కలుపుకుంటే మంచిది. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల నొప్పి) వచ్చినవారు యూరిక్ యాసిడ్ చూపించుకోవాలి. దానం తర్వాత అది కొంచెం పెరగడం సహజం, నొప్పేమీ లేనప్పుడు ఆ అంకెకు మందు అక్కర్లేదు.

ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఒక ల్యాబ్ 1.2 అన్నది మరో ల్యాబ్ 1.3 అనవచ్చు, మీ కిడ్నీలో ఏ మార్పూ లేకుండానే. ఇంకొన్ని కూడా అంకెను తారుమారు చేస్తాయి:

పరీక్షకు ముందు రోజు బరువులెత్తే వ్యాయామం, సుదీర్ఘ పరుగు వద్దు. ముందు రాత్రి మాంసం కడుపు నిండా తినకండి, ఉడికిన మాంసంలోని క్రియాటినిన్ నేరుగా రక్తంలోకి చేరుతుంది. జిమ్ కోసం క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ట్రైమెథోప్రిమ్ కలిసిన యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే అది అయ్యాక రక్తం ఇవ్వండి. ఆ మందు కిడ్నీకి హాని చేయకుండానే క్రియాటినిన్ బయటికి పోయే దారిని కొంత మూస్తుంది. నీళ్లు మానేసి, ఎండలో తిరిగి వచ్చి రక్తం ఇవ్వడం కూడా తప్పే.

మీ సొంత అంకె నుంచి 10 శాతం లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదు. 15–20 శాతం దాటితే పై జాగ్రత్తలన్నీ తీసుకుని ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేయించండి. రెండోసారీ అలాగే ఉంటే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరకు వెళ్లాలి. వాంతులు, జ్వరం లాంటి జబ్బు మధ్యలో రెండు రోజుల్లోనే క్రియాటినిన్ 0.3 పెరిగితే దాన్ని కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బగా చూస్తారు, అక్కడ వారాల ఆలస్యం పనికిరాదు.

కండ బాగా ఉన్నవారిలో, బాగా సన్నగా ఉన్నవారిలో క్రియాటినిన్ లెక్క తప్పుతుంది. అప్పుడు సిస్టాటిన్ సి (వడపోతను అంచనా వేసే మరో రక్త పరీక్ష) అడగండి, అది కండ మీద అంతగా ఆధారపడదు. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దాన్ని కూడా మారుస్తాయి కాబట్టి అవి ఉంటే చెప్పాలి. అసలు ఈజీఎఫ్ఆర్ సూత్రాలే దాతల్లో నిజమైన వడపోతను కాస్త తక్కువ చేసి చూపిస్తాయి.

ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకు మించి 60 కంటే తక్కువగా ఉంటే కంప్యూటర్ ‘దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో దశ’ అని ముద్ర వేస్తుంది. పెద్ద వయసులో దానం చేసినవారిలో చాలామంది ఈ గీత కిందికి వస్తారు. యూరిన్‌లో అల్బుమిన్ లేకుండా, ఏళ్ల తరబడి అదే అంకె దగ్గర నిలకడగా ఉంటే అది జబ్బు ముదిరి వచ్చిన 58తో సమానం కాదు. కానీ ఆ ముద్ర బీమా కాగితాల్లోకి ఎక్కితే పీకడం కష్టం. ‘దానం వల్ల ఒంటి కిడ్నీ, పనితీరు నిలకడగా ఉంది’ అని నెఫ్రాలజిస్టు చేత ఫైల్లో రాయించుకోండి.

యూరిన్ పరీక్షను వదిలేయొద్దు

ఏటా క్రియాటినిన్ చేయించి, యూరిన్ మానేసేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో ఇది దాతలు చేసే అతి పెద్ద పొరపాటు. వడపోత గోడ చిల్లులు పడటం మొదలైతే అల్బుమిన్ కారడం ముందు కనిపిస్తుంది, క్రియాటినిన్ పెరగడం చాలా తర్వాత. పట్టీ ముంచి రంగు చూసే మామూలు యూరిన్ పరీక్ష కొద్దిపాటి కారుటను పట్టుకోలేదు. అడగాల్సింది అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి.

ఉదయం లేవగానే పోసిన మూత్రం ఇస్తే మేలు. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరే. 30–300 మధ్య వస్తే వెంటనే కంగారొద్దు. ముందు రోజు గట్టి వ్యాయామం, జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, వీటిలో ఏదున్నా అంకె పెరుగుతుంది. మూడు నెలల్లో మూడుసార్లు చేయిస్తే అందులో రెండు 30 దాటినప్పుడే దాన్ని నిజమని తీసుకుంటారు. 300 దాటితే మాత్రం ఆగకుండా నెఫ్రాలజిస్టును కలవండి.

ముప్పు ఎంత, ఎవరికి

అమెరికాలో 1994–2011 మధ్య దానం చేసిన 96 వేల మందికి పైగా దాతల రికార్డులతో 2014లో వచ్చిన అధ్యయనం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. దానం చేసిన 15 ఏళ్లలో 10 వేల మంది దాతల్లో సుమారు 31 మందికి కిడ్నీ పూర్తిగా విఫలమైంది. దాతల్లాగే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో సుమారు నలుగురికి. జీవితకాలం లెక్కలో దాతలు 10 వేలకు 90, ఆరోగ్యవంతులైన దానం చేయనివారు 14. అసలు పరీక్షలేమీ లేని సాధారణ జనంలో అది 326. దానం చేయడం వల్ల ముప్పు పెరుగుతుంది, ఆ మాట దాచనక్కర్లేదు. అయినా వంద మందిలో ఒక్కరికంటే తక్కువే.

ఆ కొద్దిమందిలో ఎవరికి, ఎప్పుడు అన్నది గమనించదగ్గది. మొదటి పదేళ్లలో విఫలమయ్యేవాటిలో కిడ్నీ వడపోత గోడ జబ్బులు ఎక్కువ, అల్బుమిన్ పరీక్ష అందుకే. తర్వాతి దశకాల్లో కారణం బీపీ, షుగర్. సొంత అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో కన్నవారికో కిడ్నీ ఇచ్చినవారు, గ్రహీతకు వచ్చిన జబ్బు వంశంలోనే ఉందేమో తెలుసుకోవాలి. చిన్న వయసులో దానం చేసినవారు, ముందు ఇంకా 50 ఏళ్లున్నవారు, ఈ ఏటి పరీక్షలను అందరికంటే గట్టిగా పట్టుకోవాలి. దానం రోజున 25 ఏళ్ల కుర్రాడికి బీపీ, షుగర్ లేవంటే 60వ ఏట కూడా రావని కాదు కదా.

ఇంట్లో బీపీ చూసుకునే విధానం

వయసుతో అందరికీ పెరిగే బీపీ, దాతల్లో సుమారు 5 పాయింట్లు అదనంగా పెరుగుతుంది. క్లినిక్‌లో ఒక్కసారి చూసిన అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా ఏడాదికి ఒక వారం ఇంట్లో కొలుచుకోండి, ఏటి పరీక్షకు ముందు వారమైతే కలిసొస్తుంది.

1. పై చేతికి కట్టే మిషన్ తీసుకోండి, మణికట్టుది వద్దు. పట్టీ కొలత మీ చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది.

2. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం లేకుండా చూసుకోండి. మూత్రానికి వెళ్లి రండి.

3. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చేతి మీద కాకుండా నేరుగా చర్మం మీద పట్టీ కట్టండి. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. మాట్లాడకండి.

4. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు, ఉదయం మందులకు ముందు, మళ్లీ సాయంత్రం. ఇలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు కట్టండి.

సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే, డాక్టరును కలవాలి. 130/80 దాటినా ఒంటి కిడ్నీవారి విషయంలో మాట్లాడటం మంచిది. మందు అవసరమై, యూరిన్‌లో అల్బుమిన్ కూడా ఉంటే సాధారణంగా ‘ప్రిల్’ లేదా ‘సార్టన్’తో ముగిసే మందుల్లో ఒకటి మొదలుపెడతారు. వాటితో కొన్ని వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. 30 శాతం లోపు పెరుగుదలను మామూలుగా ఒప్పుకుంటారు, భయపడి సొంతంగా ఆపేయకండి. మొదలుపెట్టిన 2–4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష మాత్రం తప్పనిసరి. ఈ మందులు వాడేవారు సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉండే ఉప్పు పొట్లాలను డాక్టరును అడగకుండా వాడకూడదు.

నొప్పి మాత్రలు, ఇంకొన్ని మందులు

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళం అవసరాన్ని బట్టి వెడల్పవుతూ ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోత ఆగకుండా కాపాడేది ఆ వెడల్పే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి నొప్పి మాత్రలు ఆ వెడల్పయ్యే శక్తిని తీసేస్తాయి. ‘ప్రిల్’, ‘సార్టన్’ మందులు కిడ్నీ నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని సడలిస్తాయి. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు ఒంట్లో నీరు తగ్గిస్తాయి. ఈ మూడూ ఒకేసారి పడ్డప్పుడు, పైగా విరేచనాలు కూడా తోడైతే, ఒంటి కిడ్నీకి ఆదుకునే జత లేదు.

ఎప్పుడో ఒక మాత్ర వేసుకున్నంత మాత్రాన కొంప మునగదు. రోజూ వేసుకోవడం, ఒంట్లో నీరు లేనప్పుడు వేసుకోవడం, బీపీ మందుతో కలిపి వేసుకోవడం, ఇవీ ప్రమాదం. జలుబు, నడుం నొప్పి కలగలుపు మాత్రల్లో ఇవి దాక్కుని ఉంటాయి, వెనక పేర్లు చదవండి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ వాడుకోండి: పెద్దలకు ఒకసారికి 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము, మధ్యలో కనీసం 4–6 గంటల ఎడం, రోజుకు 4 గ్రాములు మించకూడదు. లివర్ జబ్బు, రోజూ మద్యం అలవాటు ఉంటే ఇంకా తక్కువ, అది డాక్టరు చెప్పాలి. గుండె కోసం డాక్టరు రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఈ జాబితాలోకి రాదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఓఆర్ఎస్ తాగడం మొదలుపెట్టండి. బీపీ మందు, మూత్రం మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ ఒకటి రెండు రోజులు ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. జబ్బు పడ్డాక అడగడం కంటే, ఏటి పరీక్షకు వెళ్లినప్పుడే ‘అలాంటి రోజు ఏది ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి’ అని రాయించుకుంటే ఇంకా నయం.

కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం చేసే మందు ఇస్తారు. అందులో సోడియం ఫాస్ఫేట్ రకం మీకు వద్దు, ఫాస్ఫేట్ స్ఫటికాలు కిడ్నీలో పేరుకుని శాశ్వతంగా దెబ్బతీసిన సందర్భాలున్నాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ రకం అడగండి. సీటీ స్కాన్‌లో రంగు మందు ఎక్కించేముందు ఒంటి కిడ్నీ అని, చివరి క్రియాటినిన్ ఎంతో చెప్పండి. పనితీరు బాగున్న దాతకు అవసరమైన స్కాన్ మానేయాల్సినంత ప్రమాదం లేదు. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు తప్పనిసరైతే క్రియాటినిన్ చూస్తూ ఇవ్వాలి. ఎసిడిటీ మాత్రలను నెలల తరబడి సొంతంగా మింగడం, ఏముందో రాయని మూలికా పొడులు, లోహాలు కలిసిన మందులు పూర్తిగా మానండి.

తిండి, నీళ్లు, బరువు

దాతకు ప్రత్యేకమైన పథ్యం లేదు. డయాలసిస్ రోగి పథ్యాన్ని తెచ్చి దాతకు పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతుంది, పండ్లు, పప్పులు కూడా మాన్పించేస్తారు. అది అనవసరం. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే దాదాపు ఒక చిన్న చెంచా, వంటలో పడినదీ పొట్లాల్లో ఉన్నదీ కలిపి. ప్రోటీన్ కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాముల చుట్టూ ఉంటే సరిపోతుంది. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పొడితో దీన్ని రెట్టింపు చేసుకోవడం మాత్రం వద్దు.

నీళ్లు దాహానికి తగినంత. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. లీటర్ల కొద్దీ బలవంతంగా తాగితే కిడ్నీ శుభ్రమవుతుందన్నది వట్టి మాట. రాళ్లు వచ్చినవారు మాత్రం రోజుకు 2–2.5 లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. ఒంటి కిడ్నీ నాళంలో రాయి అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. పక్క నొప్పితో పాటు మూత్రం రాకపోతే తెల్లారేదాకా చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. చలి జ్వరంతో పక్క నొప్పి వచ్చినా అంతే.

దానం తర్వాత బరువు పెరగడం మామూలుగా జరిగేదే, పట్టించుకోకపోతే దాని వెనకే షుగర్, బీపీ వస్తాయి. దానం రోజున ఉన్న బరువును ఫైల్లో రాసుకుని దాని మీద 5 కిలోలు దాటితే గంట మోగినట్టు లెక్క. సిగరెట్ గురించి చెప్పేదేముంది, మానాలి. పరుగు, ఈత, బరువులు అన్నీ చేసుకోవచ్చు. బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ లాంటి నేరుగా దెబ్బలు తినే ఆటలను డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

దానం చేసిన మహిళలు, గర్భం

ఆపరేషన్ తర్వాత గర్భానికి ఏడాది ఆగమంటారు, కొత్త అంకె స్థిరపడటానికి. ఎక్కువమందికి ప్రసవం బాగానే జరుగుతుంది. అయితే 2015లో వచ్చిన కెనడా అధ్యయనంలో, గర్భంతో వచ్చే బీపీ లేదా ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీ వంటి అవయవాలు దెబ్బతినే జబ్బు) దాతల్లో 11 శాతం మందికి, దానం చేయనివారిలో 5 శాతం మందికి వచ్చింది. కాబట్టి మొదటి విజిట్‌లోనే దాతనని చెప్పండి, 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అని అడగండి. ‘ప్రిల్’, ‘సార్టన్’ మందులు వాడుతుంటే గర్భానికి ముందే మార్పించుకోవాలి, అవి బిడ్డకు హాని చేస్తాయి. గర్భంలో మామూలుగా క్రియాటినిన్ దిగుతుంది. దిగకుండా పాత అంకె దగ్గరే ఉంటే, రిపోర్టులో గుర్తు లేకపోయినా, నెఫ్రాలజిస్టుకు చూపించాలి.

ఫోన్‌లో ఉంచుకోవాల్సిన చిన్న కాగితం

కొత్త డాక్టరు, కొత్త స్కాన్ సెంటర్ ఎదురైన ప్రతిసారీ అదే కథ మొదటి నుంచి చెప్పే పని లేకుండా ఇవి రాసి ఫోటో తీసి పెట్టుకోండి: దానం చేసిన తేదీ, ఏ వైపు కిడ్నీ తీశారు, దానానికి ముందు క్రియాటినిన్, ఏడాది తర్వాతి క్రియాటినిన్, చివరి అల్బుమిన్ నిష్పత్తి, పడని మందులు. ఎక్కువగా ఎడమదే తీస్తారు, దాని సిర పొడవుగా ఉండి గ్రహీతకు కుట్టడం తేలిక కాబట్టి. కానీ మీది ఏదో ఊహించకుండా ఆపరేషన్ కాగితం చూసి రాయండి. స్కాన్ తీసేవారికి ముందే చెప్పకపోతే ఒక వైపు కిడ్నీ లేదని, రెండోది ‘పెద్దదైంది’ అని రిపోర్టు రాసి ఇస్తారు. ఆ పెద్దదవడం వాపు కాదు, మీరు దానం చేసిన వారం నుంచి అది చేస్తున్న అదనపు పని గుర్తు.